అహోబిలం వెళ్తున్న శ్రావణికి

చి.సౌ. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీరు అహోబిలం వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిల్లలకు సెలవులని మే నెల పెట్టుకున్నారట. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో కారెక్కి ఆదివారం రాత్రికి ఇంటికి వచ్చేసేలా, ఆ మధ్యలో తొమ్మిది నరసింహ ఆలయాలూ చుట్టేసేలా అల్లుడు ప్లాన్ వేశాడట. మోకాళ్ళ నొప్పులున్నా మీ అత్తగారు కూడా వస్తానన్నారట. ఇవన్నీ ఒక్కసారిగా కుదిరేవి కావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఆ నెల మార్చండి. నల్లమలలో చాలా చెట్లు వేసవికి ఆకు రాల్చేస్తాయి. మేలో కొండంతా మోడు బారి ఉంటుంది. భవనాశిని ఏరు అక్కడక్కడా మడుగులుగా మిగులుతుంది. పొద్దున తొమ్మిది దాటితే బండలు కాలడం మొదలవుతుంది, గుడి ముందు చెప్పులు విడిచి నాలుగడుగులు వేయాలంటే పిల్లలు ఏడుస్తారు. దసరా సెలవులు చూసుకోండి, లేదా సంక్రాంతి. దసరాకు అడవి ఇంకా పచ్చగా ఉంటుంది, ఏట్లో నీళ్ళుంటాయి. కాకపోతే ఆ రోజుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వచ్చిందంటే ప్రయాణం వాయిదా వేసుకోవాల్సిందే. కొండ మీద వాన పడితే ఏరు ఎంతసేపట్లో పెరుగుతుందో కింద ఉన్నవాళ్ళకు తెలియదు. సంక్రాంతి అయితే ఆ భయం తక్కువ, ఎండ కూడా హాయిగా ఉంటుంది. నన్నడిగితే సంక్రాంతికే ఓటు వేస్తాను, ఎందుకో చివర్లో చెబుతాను.

స్వాతి నక్షత్రం నరసింహస్వామిది. ఆ రోజు, శని ఆదివారాలు జనం బాగా ఉంటారు. సెలవులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి మామూలు రోజులు చూసుకోండి.

ఇక ఆ తొమ్మిది లెక్క. జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. పేర్లు వరుసగా చదివితే పక్కపక్కనే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి కొన్నిటికి ఆటో వెళ్తుంది, కొన్నిటికి జీపు కావాలి, కొన్నిటికి కాళ్ళే దిక్కు. ఒక్కరోజులో అన్నీ చూపిస్తామని చెప్పి తీసుకెళ్ళేవాళ్ళు ఉంటారు. అలా వెళ్ళినవాళ్ళను తర్వాత అడిగి చూడు, ఏ గుడి ఎక్కడుందో కూడా చెప్పలేరు. చెమట, పరుగు, టెన్షన్, మధ్యలో ఒక హారతి. అంతే గుర్తుంటుంది. అందుకని ఎన్ని గుళ్ళు పూర్తయ్యాయని లెక్కపెట్టకుండా, ఎవరి కాళ్ళకు ఎంత ఓపిక ఉందో చూసుకుని పంచుకోండి. మిగిలినవి మళ్ళీ వెళ్ళినప్పుడు చూడొచ్చు, స్వామి ఎక్కడికీ పోడు.

హైదరాబాద్ నుంచి కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా సుమారు 350 కిలోమీటర్లు. రాత్రి ప్రయాణం వద్దు, తెల్లవారుజామున బయలుదేరండి. ఆళ్లగడ్డ దగ్గరికి రాగానే రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినిపిస్తుంది, రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల ఊరు అది. ముఖం ఇంకా పూర్తికాని ఆంజనేయులు, నందులు వరసగా నిలబడి ఉంటాయి. పిల్లల్ని దింపి ఒక పది నిమిషాలు చూపించు. పెట్రోలు, డబ్బు, మీ అత్తగారి మందులు అక్కడే చూసుకోండి. కొండ పైన ఫోన్ సిగ్నల్‌ను, ఫోన్‌పేను నమ్ముకోకూడదు. పళ్ళెంలో వేయడానికి, ఆటోకు, కర్రకు చిల్లర నోట్లు దగ్గర ఉంచుకో.

బస దిగువ అహోబిలంలోనే. సత్రాలున్నాయి, పర్యాటక శాఖ హోటల్ ఉంది, ముందే బుక్ చేసుకుంటే మంచిది. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరితే ఆ సాయంత్రం మీ అత్తగారిది అనుకోండి. యోగానంద, ఛత్రవట రెండూ ఊరికి దగ్గరే, బండి వెళ్తుంది. ఛత్రవటంలో స్వామి మర్రిచెట్టు కింద కూర్చుని ఉంటాడు. హాహా హూహూ అనే గంధర్వులు పాడుతుంటే విని మెచ్చుకున్నాడని కథ. మూర్తి ఎడమచేతిని గమనించు, తొడ మీద తాళం వేస్తున్నట్టే ఉంటుంది. మీ పెద్దదానికి సంగీతం నేర్పిస్తున్నావు కదా, దానికి చూపించు. ఉగ్ర నరసింహుణ్ణి చూడబోతూ ముందు ఈ పాట వినే నరసింహుణ్ణి చూడటం నాకు ఇష్టం.

చీకటి పడ్డాక దిగువ ఆలయంలో ప్రహ్లాదవరదుడి దర్శనం చేసుకోండి. పద్మావతితో పెళ్ళికి ముందు శ్రీనివాసుడే ఇక్కడ లక్ష్మీనరసింహుణ్ణి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. విజయనగర కాలపు మండపాలు, స్తంభాల మీద బొమ్మలు పొద్దుటి వెలుతురులో బాగా కనిపిస్తాయి, వాటికి మర్నాడో ఆ మర్నాడో ఇంకో అరగంట పెట్టుకోండి. కళింగ దండయాత్ర రోజుల్లో కృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించాడు. అన్నమయ్య అహోబిల మఠం మొదటి జీయరు ఆదివణ్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. వాళ్ళకంటే ముందే ఎర్రన ఈ క్షేత్రం కథను నృసింహ పురాణంగా రాశాడు. తమిళ వైష్ణవ కవి తిరుమంగై ఆళ్వారు అయితే ఇది దైవానికి తప్ప ఇంకొకరికి చేరరాని చోటని పాడాడు. ఇప్పుడు ఎగువ అహోబిలం దాకా తారు రోడ్డుంది, ఆయన చూస్తే ఏమనేవాడో!

రెండో రోజు అసలు రోజు. ఆరు గంటలకల్లా దిగువ నుంచి బయలుదేరాలి. ఎగువ అహోబిలం ఎనిమిది కిలోమీటర్లు. దారిలో రోడ్డు పక్కనే కానుగ చెట్టు దగ్గర కారంజ నరసింహుడు, చేతిలో విల్లు పట్టుకుని ఉంటాడు. ఎగువ గుడి దాకా కారు వెళ్తుంది. అక్కడ గుహలో వెలసిన అహోబిల నరసింహుడి ఉగ్రమూర్తిని, చెంచులక్ష్మి అమ్మవారిని మీ అత్తగారు కూడా చూడొచ్చు. లోపల చీకటిగా ఉంటుంది, గడప దాటగానే కంగారు పడి ముందుకు నడవకండి. ఒక నిమిషం నిలబడితే కళ్ళు అలవాటు పడతాయి, అర్చకులు హారతి ఎత్తినప్పుడు స్వామి రూపం తెలుస్తుంది.

అక్కడి నుంచి నడక. ఏటి వెంట పోతుంటే మొదట క్రోడ నరసింహుడు వస్తాడు, వరాహ నరసింహుడనీ అంటారు. దాని తర్వాత మాలోలకు ఒక దారి, జ్వాలకు ఒక దారి. ఓపిక ఒక్కదానికే ఉంటే జ్వాలకు వెళ్ళండి. దారి పొడవునా పక్కన ఎర్రటి కొండ చరియలు నిటారుగా లేచి ఉంటాయి, పొర మీద పొర, చీరలు మడతపెట్టి దొంతర పేర్చినట్టు. ఈ రాళ్ళ వయసు వంద కోట్ల ఏళ్ళ పైమాటే. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుకే ఇలా గట్టిపడింది. ఆ నీటి అలలు వదిలిన గీతలు కొన్ని బండల మీద కనిపిస్తాయేమో పిల్లల్ని వెతకమను, నడక మరిచిపోతారు.

మెట్లు కొన్నిచోట్ల ఎత్తుగా, కొన్నిచోట్ల అరిగి ఉంటాయి. ఏరు దాటేచోట గుండ్ల మీద అడుగు వేసేముందు కర్రతో తట్టి చూడండి, కదిలే రాయి ముందే తెలిసిపోతుంది. నాచు పట్టి ముదురు ఆకుపచ్చగా మెరిసే రాయి మీద కాలు పెట్టనే వద్దు. జ్వాల దగ్గరికి వచ్చేసరికి దారి కొండ అంచున, ముందుకు వంగిన బండ కింద నుంచి పోతుంది. నీళ్ళున్న కాలమైతే పైనుంచి ధార ఆ అంచుకు అవతల పడుతూ ఉంటుంది. ఇవతల నడిచే మన మీద తుంపర పడుతుంది. కళ్ళజోడు మసకబారుతుంది, కొంగు తడుస్తుంది, అందరూ సెల్ఫీ కోసం ఆగేదీ అక్కడే. ఆగవద్దు. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చెయ్యి చిన్నవాడి మీద పెట్టి దాటేయ్. అవతల వెడల్పు చోట నిలబడి ఎంతసేపైనా చూడొచ్చు.

హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఇక్కడేనంటారు. ఎనిమిది చేతుల మూర్తి. దగ్గర్లోనే రక్తకుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటు. గుంటలో ఎర్రగా కనిపించే నీళ్ళు దోసిట్లో తీసుకుంటే తేటగా ఉంటాయని చెబుతారు. పిల్లలు కారణం అడుగుతారు. ముందు కథ చెప్పి, తర్వాత అక్కడి రాయి రంగు చూడమను.

ఉగ్రస్తంభం గురించి అల్లుడికి గట్టిగా చెప్పు. కొండ నిలువునా చీలినట్టుండే ఆ శిఖరం నుంచే స్వామి బయటికి వచ్చాడని నమ్మకం. అక్కడికి ఎక్కడం జ్వాల నడకలాంటిది కాదు, గుండ్లు పట్టుకుని పాకాలి. పిల్లలతో వద్దు, వాన పడిన మర్నాడు ఎవరితోనూ వద్దు. అతను ఒక్కడే వెళ్తానంటే దారి తెలిసిన ఊరి మనిషిని తోడు తీసుకోవాలి, మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టకూడదు. కింద నుంచి కూడా ఆ చీలిక కనిపిస్తుంది.

మాలోలకు వెళ్తే పక్కనే ప్రహ్లాద బడి. చిన్న గుహ, బండ మీద పిచ్చి గీతల్లాంటి గుర్తులు. ప్రహ్లాదుడు అక్షరాలు దిద్దినవట. మీ చిన్నవాడి చేతిరాత కంటే నయమే.

మీ అత్తగారు, అదే మా వదినగారు, పైకి కూడా వస్తానంటే డోలీ మాట్లాడండి. ఎక్కడి దాకా, రానూపోనూనా, మధ్యలో ఆగుతారా అన్నీ ఎక్కేముందే తేల్చుకోవాలి. ఒకసారి ఒప్పుకున్నాక దిగేటప్పుడు బేరం పెట్టకండి, మోసేవాళ్ళ భుజాలు చూస్తే మీకే మాట రాదు.

బాటా తోలుచెప్పులు ఇంట్లోనే ఉంచి, అడుగున గరుకు ఉన్న బూట్లు వేసుకోండి. కర్రలు అక్కడే దొరుకుతాయి, మనిషికొకటి తీసుకోండి. నడకకూ పనికొస్తుంది, కోతులకూ భయం. కోతులు మనిషిని చూసి రావు, కవరు చప్పుడు విని వస్తాయి. తినేవి జిప్పు ఉన్న బ్యాగులో, గుడ్డలో చుట్టి పెట్టు. అటుకులు, పల్లీపట్టీ, అరటిపళ్ళు చాలు, కడుపు నిండా తిని ఎక్కలేరు. నీళ్ళ సీసాలు ఖాళీ అయ్యాక కిందికి తెచ్చేయండి. ఇది చిరుతలు, ఎలుగులు తిరిగే అడవి, అక్కడ చెత్త ఎత్తేవాళ్ళు ఎవరూ లేరు. అటవీశాఖ వాళ్ళు ఫలానా వైపు వెళ్ళొద్దంటే వాదన పెట్టుకోకండి. సాయంత్రం నాలుగుకల్లా ఎగువ గుడి దగ్గరికి దిగిపోవాలి.

మూడో రోజు ఓపిక ఉంటే జీపులో పావన నరసింహుడి దగ్గరికి. దారి కుదుపులకు నడుము లేచిపోతుంది కాబట్టి వదినగారిని తీసుకెళ్ళొద్దు. అడవి లోతు చూడాలంటే మాత్రం అదే దారి. ఓపిక లేకపోతే భార్గవం చూసుకుని ఇంటిదారి పట్టండి.

సంక్రాంతి అని ఎందుకన్నానంటే, కనుమ నాడు స్వామి పారువేటకు బయలుదేరతాడు. ఉత్సవమూర్తులు పల్లకిలో దాదాపు నలభై రోజులు చుట్టుపక్కల పల్లెలు తిరుగుతారు, ఫాల్గుణంలో జరిగే తన బ్రహ్మోత్సవాలకు జనాన్ని స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడన్నమాట. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. వాళ్ళు విల్లంబులు పట్టుకుని వచ్చి పల్లకి వైపు బాణాలు వేసే ఆచారం ఉంది. అల్లుడితో ఆమాత్రం సరసం ఉండొద్దూ! అది చూడటానికి వెళ్తే ముందువరసలో దూరి వాళ్ళ ముఖాల్లోకి ఫోన్లు పెట్టకండి. అడిగి తీసుకోండి, వద్దంటే మానేయండి.

ఏ నెలకు వెళ్ళేదీ తేల్చుకుని ఫోన్ చెయ్యి. నా చేతికర్ర, మోకాలి పట్టీలు వదినగారికి పంపిస్తాను, కొలత కనుక్కో.

పెద్దమ్మ