సర్వీస్ అకౌంట్ గురించి అల్లుడికి

అల్లుడూ, పొద్దున ఫోన్లో సగమే చెప్పినా, రేణిగుంట దాటినాక సిగ్నల్ పోయింది. బ్యాకప్ ఫెయిలై ఆపరేటింగ్ సిస్టమ్ ఎర్రర్ 5 వచ్చిందని ఎస్‌క్యూఎల్ సర్వర్ (డేటాబేస్ ప్రోగ్రాం) ఏ పేరుతో నడస్తాదో ఆ సర్వీస్ అకౌంట్‌ని తీస్కపోయి విండోస్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో వేసినా అన్నావే, ముందు అది తీసెయ్ నాయనా. ఎర్రర్ 5 అంటే ఆ ఫోల్డర్లో రాసేదానికి పర్మిషన్ లేదని, అంతే. ఆ ఒక్క ఫోల్డర్ సెక్యూరిటీలోకి పోయి ఎన్‌టీ సర్వీస్\ఎంఎస్ఎస్‌క్యూఎల్‌సర్వర్ అని నువ్వే టైప్ చేసి మాడిఫై ఇయ్యి, లొకేషన్ డొమైన్ (ఆఫీసు నెట్‌వర్క్ మొత్తం) కాకుండా ఆ మిషనే పెట్టాల, లేకపోతే పేరు దొరకదు. బ్యాకప్ వేరే సర్వర్ షేర్‌లోకి పోవాలంటే మాత్రం, నువ్వు టైప్ చేసిన ఆ పేరు సెటప్ తనంతట తానే ఇచ్చే వర్చువల్ అకౌంట్, ఆ వర్చువల్ అకౌంట్ నెట్‌వర్క్ మీద మిషన్ పేరుతోనే పోతాది, కాబట్టి చివర డాలర్ గుర్తుండే కంప్యూటర్ అకౌంట్‌కి షేర్‌లోనూ ఫోల్డర్‌లోనూ రెండు చోట్లా ఇయ్యాల.

నేనూ నీ మాదిరే చేసినోడినే. చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఎస్‌క్యూఎల్‌ని డొమైన్ అడ్మిన్ అకౌంట్‌తో నడిపినా, ఏ గొడవా ఉండదులే అని. జూన్‌లో ఎవురో ఆ పాస్‌వర్డ్ మార్చినారు, సర్వీస్ నడస్తానే ఉండాది కాబట్టి ఎవురికీ తెలీలా. ఓ రాత్రి కరెంటు పోయి సర్వర్ రీస్టార్ట్ అయితే ఎర్రర్ 1069, లాగాన్ ఫెయిల్యూర్. వేబ్రిడ్జి కంప్యూటర్లో బిల్లు రాదు, తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడిపోయినాయి, ఎండకి కాయ మెత్తబడతా ఉంటే రైతులు నన్ను తిట్టిన తిట్లు ఈడ రాయలేను.

అందుకే సెటప్ ఇచ్చే వర్చువల్ అకౌంట్ అట్నే వదిలెయ్, దానికి పాస్‌వర్డ్ గొడవే లేదు. డొమైన్ అకౌంటే కావాలంటే గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ అడుగు, మామూలుగా 30 రోజులకోసారి పాస్‌వర్డ్ అదే మార్చుకుంటాది. డేటాబేస్ నడిపే ఇంజిన్‌కి ఒక అకౌంట్, టైమ్ ప్రకారం పనులు నడిపే ఏజెంట్‌కి ఇంకొకటి. ఎక్స్‌పీ కమాండ్‌షెల్ (ఎస్‌క్యూఎల్ లోంచే విండోస్ కమాండ్లు నడిపేది) ఎవుడన్నా ఆన్ చేసినాడంటే, సిసాడ్మిన్ (ఎస్‌క్యూఎల్‌లో అన్ని హక్కులూ ఉన్నోడు) కొట్టే కమాండ్ ఆ సర్వీస్ అకౌంట్ బలంతోనే నడస్తాది, అది అడ్మిన్ అయితే సర్వర్ మొత్తం వాడి చేతిలో పెట్టినట్టే.

అకౌంట్ మార్చాలంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్‌లోనే మార్చు, విండోస్ సర్వీసెస్‌లో వద్దు, అక్కడ మారిస్తే కావాల్సిన పర్మిషన్లు అన్నీ సెట్ కావు.

ఇంకోటి, అడ్మినిస్ట్రేటర్స్‌లో నుంచి తీసినాక సర్వీస్ రీస్టార్ట్ చెయ్యాల, లేదంటే పాత హక్కులతోనే నడస్తా ఉంటాది. రాత్రి పదికి పైన చేసి, ఒక బ్యాకప్ కొట్టి చూసి నాకు వాట్సాప్ పెట్టు, మేలుకొనే ఉంటా.

మీ మామ