పిన్నికి 'గారు' ఎందుకు?

మైలాపూర్, చెన్నై

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. మీ పిన్ని గురించి నువ్వు రాసి పంపిన నాలుగు పేజీలు మొన్న అందాయి. ఒకసారి గబగబా, ఒకసారి నింపాదిగా చదివాను. ఆమె పోయి ఇంకా నెల కూడా కాలేదు, అప్పుడే రాయడానికి కూర్చున్నావు. తొందరపడ్డావని నేను అనను. ఇప్పుడు పట్టుకోకపోతే జారిపోయేవి చాలా ఉంటాయి. కానీ ఆ నాలుగు పేజీల్లో నాకు పిన్ని కనిపించలేదు. ఈ మాట నిన్ను కష్టపెడుతుందని తెలుసు, తెలిసే రాస్తున్నాను.

మొదటి వాక్యమే చూడు. "మా పిన్నిగారు దయామయులు. వారు ఎందరినో ఆదుకునేవారు." బతికి ఉన్నన్నాళ్ళూ ఆమెను ఒక్కసారైనా 'గారు' అన్నావా? నాతో ఫోనులో మాట్లాడిన రోజు, "నువ్వు ఆసుపత్రికి పద పిన్నీ అని ఎంత బతిమాలినా వినలేదండీ" అని ఏడ్చావు. అది నీ భాష. కాగితం మీదికి వచ్చేసరికి ఆ 'నువ్వు' ఎక్కడికి పోయింది? మన ఇళ్ళలో మనిషి పోగానే ఫోటోకు దండ వేసి, చెయ్యి అందనంత ఎత్తులో గోడకు తగిలిస్తాం. నీ వాక్యాల్లో 'గారు', 'వారు' చేస్తున్న పనీ అదే. పరాయివాళ్ళు అలా రాస్తే మర్యాదగా ఉంటుంది. నువ్వు రాస్తే ఆమె నీకు పరాయిదైపోతుంది. "పిన్ని వచ్చింది", "పిన్ని విసుక్కుంది" అని రాయి. ఆమె గౌరవానికి ఏ లోటూ రాదు.

ఆదుకునేవారు, పెట్టేవారు, పలకరించేవారు, ఓదార్చేవారు. ఇలాంటివి 26 లెక్కపెట్టాను. ఈ 'ఏవారు' క్రియతో చిక్కేమిటంటే, అది ముప్పై ఏళ్ళ రోజులన్నిటినీ కలిపి ఒకే ముద్ద చేస్తుంది, అందులోంచి ఒక్క రోజు కూడా విడిగా చేతికి రాదు. 'పెట్టింది' అని రాసి చూడు. వెంటనే ఎప్పుడు, ఎవరికి, ఏమిటి అని వెతుక్కోవలసి వస్తుంది. ఆ వెతుకులాట కోసమే నిన్ను మళ్ళీ రాయమంటున్నాను.

"2015 వరదల్లో ఎందరికో అన్నదానం చేశారు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ డిసెంబర్ 1న తాంబరంలో ఒక్కరోజులో 49 సెంటీమీటర్ల వాన పడిందనీ, చెంబరంబాక్కం చెరువు నీళ్ళు వదలడంతో అడయారు పొంగి సైదాపేట మునిగిందనీ పాత పత్రికలు తిరగేసి ఎవరైనా రాయగలరు. ఆ మేడమీది వంటింట్లో ఏం జరిగిందో నువ్వు రాయకపోతే ఇంక ఎవరూ రాయరు. నువ్వే కదా నాకు చెప్పావు. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. పిన్ని గ్యాస్ సిలిండర్‌ను ఒక పక్కకు వంచి, బరువు చూసి, "ఇంకో నాలుగు పూటలు వస్తుంది" అంది. పాలు, కూరగాయలు దొరకవు కాబట్టి మెట్ల మీద చేరిన వాళ్ళందరికీ చింతపండు పులుసు ఉడికించి పులిహోర కలిపింది. మూడో రోజుకు పసుపు అయిపోయింది. తెల్లగా ఉన్న పులిహోరను చూసి కింది వాటా పెద్దాయన, "ఇదేం పులిహోర తల్లీ" అన్నాడు. "మీ ఇంట్లో పసుపు తడిసిపోయింది, మా ఇంట్లో అయిపోయింది, తినండి బాబాయ్" అంది పిన్ని. అమ్మాయీ, ఆ తెల్ల పులిహోర నీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు! దాని బదులు 'అపర డొక్కా సీతమ్మ' అని రాశావు.

డొక్కా సీతమ్మగారి పేరు ఎత్తావు కాబట్టి చెబుతాను. ఆ తల్లి పోయింది 1909లో. ఇన్నేళ్ళ తరవాత కూడా మన వాళ్ళు ఆమె గురించి చెప్పుకునే కథ ఏది? అంతర్వేది స్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరి, దారిలో ఎవరో ఆకలితో ఉన్న పిల్లలకు "కాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఇంటికి వెళ్ళి తిందాం" అని చెప్పడం విని, దర్శనం మానుకుని పల్లకిని వెనక్కి తిప్పించిందట. ఎన్ని వేలమందికి అన్నం పెట్టిందో లెక్క ఎవరికీ గుర్తు లేదు. పల్లకి వెనక్కి తిరగడం మాత్రం అందరికీ గుర్తుంది. మీ పిన్నికి ఆమె పేరు అరువు తేవలసిన అవసరం లేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. మా మేనత్త జార్జిటౌన్‌లో ఉండేది. తెల్లవారుజామునే కొత్తవాల్ చావడి మార్కెట్టుకు వెళ్ళి గంపెడు కూరగాయలు కొని తెచ్చి, "బేరం బాగుందని ఎక్కువ కొనేశాను, కుళ్ళిపోతాయి, తలా కొంచెం తీసుకోండి" అని నాలుగిళ్ళకు పంచేది. అత్తకు లెక్క తెలియదని వీధి అంతా అనుకుంది. అత్తకు ఏ ఇంట్లో ఎన్నాళ్ళుగా పొయ్యి సరిగ్గా వెలగడం లేదో కూడా లెక్క తెలుసు. 1996లో కూరగాయల మార్కెట్టును కోయంబేడుకు తరలించినప్పుడు ఆమె పడ్డ బాధ నాకు అప్పుడు అర్థం కాలేదు. అంత దూరం వెళ్ళి ఎక్కువ కొనేశానంటే ఎవరు నమ్ముతారు?

ఒక ఇంటి నుంచి వారపత్రిక అరువు తెప్పించుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు సీరియల్ పేజీలో మడిచిన నోట్లు పెట్టి నాతో పంపింది. నాకు పన్నెండేళ్ళు. ఆ ఇంటి ఆవిడ పత్రిక అందుకుని, విప్పి చూడకుండా లోపలికి తీసుకువెళ్ళింది. తరవాత వారం పత్రిక మామూలుగానే వచ్చింది. వాళ్ళిద్దరూ దాని గురించి ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు.

అత్త పోయాక నేను ఇదంతా రాశాను, ఆ కుటుంబం ఎవరో తెలిసేటట్టుగా రాశాను. అచ్చయిన పది రోజులకు ఆవిడ కొడుకు వెతుక్కుంటూ వచ్చాడు. కోప్పడలేదు. "మా అమ్మ కుట్టుమిషన్ మీదే మమ్మల్ని చదివించిందని అనుకున్నానండీ" అని మాత్రం అన్నాడు. కాఫీ ఇచ్చాను, తాగకుండానే లేచి వెళ్ళాడు. అత్త అంత జాగ్రత్తగా దాచిపెట్టినదాన్ని ఆమె మీది ప్రేమతో నేను వీధిలో పెట్టాను. ఆ కాఫీ గ్లాసు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది. నీ మూడో పేజీలో పిన్ని ఫీజు కట్టిన అమ్మాయి పేరు, చదివిన కాలేజీ పేరు రెండూ ఉన్నాయి. తీసెయ్యి. పిన్ని ఏం చేసిందో ఉంచు, ఎవరికి చేసిందో తెలియనివ్వకు. ఆ అమ్మాయే తనంతట తాను చెప్పుకుంటానంటే అప్పుడు చూద్దాం.

పనమ్మాయి చేతిలో నోటు పెట్టి పిన్ని "దీనిని స్వీకరించు" అందని రాశావు. సైదాపేటలో ముప్పై ఏళ్ళున్న మనిషి అలా అంటుందా? "వచ్చుక్కో" అని తమిళంలో అని, నీ వైపు తిరిగి తెలుగులో వేరే మాట ఎత్తుకుందని కదా చెప్పావు. అలాగే రాయి. అది 'ఉంచుకో' అని తమిళం రానివాళ్ళకు కూడా ఆ చేతిని బట్టి తెలిసిపోతుంది.

"ఆమె నాకు స్నేహితురాలు కూడా" అన్న వాక్యం ఒంటరిగా పడి ఉంది. మీ అన్నయ్యకు డబ్బు సర్దిన విషయంలో మీరిద్దరూ ఆరు నెలలు మాట్లాడుకోలేదని చెప్పావు. దాన్ని ఎందుకు దాచావు? పెద్దావిడతో ఆరు నెలలు అలిగి కూర్చోగలిగావంటే అక్కడ స్నేహం ఉంది. చివరికి పిన్నే ఫోను చేసి, ఆ గొడవ ఊసే ఎత్తకుండా, "ఈ ఫోనులో అక్షరాలు పెద్దవి చేయడం ఎలాగే?" అని అడిగింది. ఆ ఆదివారమే ఇద్దరూ బెసంట్ నగర్ బీచికి వెళ్ళి ఒకే పొట్లంలో సుండల్ తిన్నారు. ఆ రోజుకు ఒక పేజీ పూర్తిగా ఇవ్వు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

సంవత్సరికం దాకా ఆగకు. ఇప్పుడు పలకరించడానికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో సంగతి చెబుతారు. ఏడాది తిరిగేసరికి అందరి నోటా ఒకే కథ మిగులుతుంది. వాళ్ళు వెళ్ళగానే రాసిపెట్టుకో. పిన్ని వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లను ఇంకో చోట కూడా భద్రం చెయ్యి. ఫోను మార్చేటప్పుడు పోతే మళ్ళీ దొరకవు.

మళ్ళీ రాసింది పోస్టులో పంపకు, నువ్వే తీసుకురా. కపాలీశ్వరుడి కోనేరు దగ్గర బస్సు దిగి ఫోను చెయ్యి, నేను ఎదురు వస్తాను. ఆ వాయిస్ మెసేజ్‌లలో ఒకటి నాకు వినిపించు. ఆమె గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వరస