క్రియాటినిన్ నార్మల్ ఉంటే షుగర్ వల్ల కిడ్నీలకు ఏమీ కానట్టేనా?

మీ అమ్మగారికి షుగర్ వచ్చి పదేళ్ళు, క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం, అవి పాడైతే రక్తంలో పెరుగుతుంది) 1.0 ఉంది, ఇక నిశ్చింతగా ఉండొచ్చా అని అడిగారు. ఉండకండి. మేం అలాగే ఉన్నాం.

మా నాన్న ఇన్సులిన్ మీద ఉండేవారు. ఎన్నేళ్ళుగానో 200కు దిగని షుగర్ ఒక ఏడాది ఉన్నట్టుండి తగ్గడం మొదలైంది. పొద్దున చూస్తే 110, ఇంకోరోజు 95. డైరీలో ఆ అంకెల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి మరీ చూపించేవారు. ఇంట్లో అందరికీ సంబరమే. సాక్సు తీశాక చీలమండ చుట్టూ పడ్డ గాడి గంటైనా పోవడం లేదని, అది కాళ్ళకు నీరు పట్టిన గుర్తని ఎవరమూ పట్టించుకోలేదు. ఒక తెల్లవారుజామున చూస్తే ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. మీటర్‌లో 42. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించి రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 4.6.

"షుగర్ తగ్గడం కాదండీ ఇది, ఇన్సులిన్ ఒంట్లోంచి పోవట్లేదు" అన్నారు డాక్టరు. వేసుకున్న ఇన్సులిన్‌లో చాలా భాగాన్ని కరిగించేది కిడ్నీలేనట. అవి మూలపడితే అదే డోసు రెండింతలు పనిచేసినట్టు అవుతుంది. మేం పండగ చేసుకున్నది దానికే!

క్రియాటినిన్‌తో వచ్చిన చిక్కేమిటంటే, కిడ్నీల పని దాదాపు సగం పోయేదాకా అది మంచిగానే కనిపించవచ్చు. అంతకంటే ముందే వడపోత జల్లెడ వదులై యూరిన్‌లోకి అల్బుమిన్ అనే ప్రోటీన్ కారడం మొదలవుతుంది. మామూలు యూరిన్ టెస్టుకు ఆ కొంచెం దొరకదు. అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో అని విడిగా అడగాలి. అది 30 (mg/g) దాటితే మళ్ళీ చేయించి ఖాయం చేసుకోవాలి. ప్యాకేజీ పేరుతో అరవై టెస్టులు అంటగడతారు, ఇది మాత్రం చాలాసార్లు ఉండదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇంకో మాట. "షుగర్ బిళ్ళలు మింగితే కిడ్నీలు పోతాయి" అనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా బాబాయి ఆ భయంతోనే మెట్‌ఫార్మిన్ మానేశాడు. మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ మాత్రం రోజూ వేసుకుంటాడు! కిడ్నీలు పాడయ్యాక డాక్టర్లు మెట్‌ఫార్మిన్ తగ్గిస్తారు, ఆపుతారు. అది చూసి పాడుచేసిందే అదని జనం తేల్చేశారు. కిడ్నీలను నిజంగా దెబ్బతీసేవి ఆ నొప్పి బిళ్ళలే. నన్నడిగితే షుగర్‌తో పాటు బీపీ కూడా పెద్ద దొంగే, అదీ చూపించండి.

అల్బుమిన్ కారుతున్నట్టు ముందే తెలిస్తే దాన్ని తగ్గించే బీపీ మందులున్నాయి, కిడ్నీలను కాపాడే కొత్త రకం షుగర్ మందులూ వచ్చాయి. మా నాన్నకు ఆ దశ దాటిపోయింది. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. డైరీ ఇంకా రాస్తున్నారు. షుగర్ పక్కన ఇప్పుడు బరువు కూడా ఎక్కింది, మెషీన్ మీదకు వెళ్ళేముందు ఒకటి, దిగాక ఒకటి.