ప్రసంగి అన్నది వ్యర్థం కాదు, ఊపిరి

బైబిల్లో "వ్యర్థము వ్యర్థము, సమస్తము వ్యర్థమే" అని ప్రసంగి అన్నచోట హీబ్రూలో ఏ మాట ఉంది, దాని అసలు అర్థమేమిటి అని అడిగారు. మాట హెవెల్. అర్థం ఊపిరి, ఆవిరి. చలికాలం పొద్దున్నే నోరు తెరిస్తే కనబడి పోతుందే, అది. ఒక్క ప్రసంగి గ్రంథంలోనే 38 సార్లు వస్తుంది.

ఈ మాటతో నాకు సొంత గొడవ ఒకటుంది.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఊపిరితిత్తులు పాడై చివరి నాలుగు రోజులు ఆక్సిజన్ మాస్కుతోనే ఉన్నారు. అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆ మాస్కునే చూస్తుండేది. నాన్న ఊపిరి వదిలితే లోపల తెల్లగా ఆవిరి పట్టేది, పీల్చగానే పోయేది. "ఇదిగో, వచ్చింది" అనేది మెల్లగా. నాలుగో రోజు తెల్లవారుజామున "రాలేదురా" అంది.

ఆదరణ కూడికలో పాస్టరు గారు సరిగ్గా ఈ వచనమే తీశారు. (షామియానా కింద యాభై మందికి మైకులో అంత ఎకో ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.) ఇల్లు వ్యర్థం, ఉద్యోగం వ్యర్థం, సంపాదన వ్యర్థం అంటూ ముప్పావుగంట. మధ్యలో "హీబ్రూలో అయితే ఇంకా ఘోరంగా ఉంటుంది" అన్నారు. అందరూ తలలూపారు. హీబ్రూ అంటే చాలు, మనవాళ్ళు ఎదురు అడగరు. రాత్రి గిన్నెలు సర్దుతూ అమ్మ అంది: "ముప్పై ఏళ్ళు గ్రీజు చేతులతో ఇంటికొచ్చిన మనిషిరా. వ్యర్థమా?"

ఆ కోపంతోనే హీబ్రూ అక్షరాలు నేర్చుకున్నాను.

చూస్తే, 144వ కీర్తనలోనూ ఇదే హెవెల్. అక్కడ మన తెలుగు బైబిలే మనుషులు "వట్టి ఊపిరిని" పోలి ఉన్నారంటుంది. 39వ కీర్తనలోనూ ఊపిరే. ప్రసంగికి వచ్చేసరికి వ్యర్థమైపోయింది! గ్రీకు అనువాదంలో మతైయోటేస్ అన్నారు, బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోమ్ వానిటాస్ అన్నాడు, రెండూ వ్యర్థమనే, మనమూ ఆ దారినే పోయాం. విగ్రహాలను తిట్టేటప్పుడు కూడా హెవెల్ అంటారు. అక్కడ వ్యర్థమని రాసుకోండి, నాకు పేచీ లేదు.

ఆదాము హవ్వల రెండో కొడుకు హేబెలు పేరు కూడా ఇదే మాట. పెద్దవాడు కయీను పుట్టినప్పుడు హవ్వ "సంపాదించుకొన్నాను" అంది, ఆ మాట అతని పేరులోనే వినబడుతుంది. రెండోవాడి పేరుకు వివరణే లేదు. ఊపిరి, అంతే. వాడే ముందు పోయాడు. కానీ దేవుడు మెచ్చింది వాడి అర్పణనే కదా, వాడి బతుకు వ్యర్థమని ఎవరంటారు?

9వ అధ్యాయం 9వ వచనం చదవండి. ప్రేమించిన భార్యతో సుఖంగా ఉండమని చెబుతూ ఆయుష్షుకు ఇదే మాట తగిలించాడు. వ్యర్థమైన ఆయుష్షులో సుఖపడటమేమిటి? ఊపిరంత ఆయుష్షు అనుకుని చదివితే ఎక్కడా అడ్డు తగలదు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింది.

"పాస్టరు గారికి చెప్పావా?"

"లేదమ్మా."

"చెప్పకు. దాని మీద ఇంకో ముప్పావుగంట చెబుతారు."