నెలల తరబడి పక్కన పెట్టిన, పెట్రోల్‌తో నడిచే గడ్డి కోత మిషన్ ఎందుకు స్టార్ట్ కాదు?

చాలా సందర్భాల్లో కారణం ట్యాంకులో మిగిలిపోయిన పాత పెట్రోలే. ఇంజిన్ పాడైందని వెంటనే అనుకోనక్కరలేదు. నిలవ పెట్రోల్‌లో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలినది జిగురుగా మారి కార్బురేటర్‌లో (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) పెట్రోల్ వెళ్లే సన్నని జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. దానికి తోడు, ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఉండే ఇథనాల్ అనే ఆల్కహాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో పెట్రోల్‌లో నీరు చేరుతుంది.

ఉదాహరణకు, ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాల్లో వానలు వెనకబట్టాక మూలన పెట్టిన మిషన్‌ను మళ్లీ జూన్‌లో గడ్డి లేచాకే బయటికి తీస్తారు. అప్పుడు చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ ఎక్కువ అందించే మీట) వేసి నాలుగైదుసార్లు స్టార్టర్ తాడు లాగి, స్పార్క్ ప్లగ్ (ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించేది) విప్పి చూడండి: దాని కొన పొడిగా ఉంటే పెట్రోల్ సిలిండర్‌కు చేరడం లేదన్నమాట. ట్యాంకునూ కార్బురేటర్ బౌల్‌నూ (దాని కింద పెట్రోల్ నిలిచే గిన్నె) పూర్తిగా ఖాళీ చేసి, జెట్‌ను కార్బురేటర్ క్లీనర్ స్ప్రేతో శుభ్రపరిచి, కొత్త పెట్రోల్ పోయాలి. కొన తడిగా ఉంటే మాత్రం పెట్రోల్ ఎక్కువైందన్నమాట; ప్లగ్ ఆరబెట్టి బిగించి, చోక్ లేకుండా లాగాలి. అప్పటికీ రాకపోతే స్పార్క్ సంగతి చూడాలి. ఈ పనులన్నీ ఇంజిన్ చల్లారాక, ఆరుబయటే చేయాలి; ఇందులో రాజీ వద్దు.

పాతదాని మీద కొంచెం కొత్త పెట్రోల్ పోస్తే చాలని చాలామంది నమ్ముతారు, కానీ జెట్‌లో గట్టిపడిన జిగురు అలా కరగదు.