పాత రెసిడెంట్ ఈవిల్ మళ్లీ వచ్చింది సరే, రీమేక్ ఉండగా అది కొనడం దండగ కాదా?

మీ ప్రశ్న ఇదీ: రీమేకులన్నీ ఆడేశారు, జాంబీలున్న భవంతిలో చిక్కుకునే 1996 నాటి మొదటి రెసిడెంట్ ఈవిల్ హారర్ గేమ్‌ని, కంప్యూటర్ గేములు ఆన్‌లైన్‌లో అమ్మే గాగ్ వాళ్లు మళ్లీ అమ్మకానికి పెట్టారని తెలిసింది, వీడియో చూస్తే ఆ బొమ్మలకీ ఆ డైలాగులకీ నవ్వొచ్చింది, ఇప్పుడు డబ్బులు పెట్టి కొంటే భయం వేస్తుందా అని. అప్పట్లో ఆడినవాళ్లనే చెప్పమన్నారు కాబట్టి విజయనగరం నుంచి నేనొకణ్ని.

కొనండి. భయం వేస్తుంది. కాకపోతే మీరు ఎదురుచూసే చోట వేయదు. ఆ జాంబీ మొహం చూసి ఝడుసుకునే రోజులు పోయాయి. మా మేనల్లుడైతే "ఈడి మొహానికి పిండి రాసీసారేటి మావయ్యా" అన్నాడు. ఈ ఆటలో గుండె దడ మొదలయ్యేది, సేవ్ చేసి చాలాసేపయిందని గుర్తొచ్చినప్పుడు. చేతిలో తూటాలు అయిపోవస్తున్నాయి, టైపు మిషన్ ఉన్న గది ఎక్కడో అవతలి వైపుంది, మధ్యలో చంపకుండా వదిలేసిన జాంబీలు ఇద్దరు. అప్పుడు చూడండి మీ నడక.

రీమేకుల్లో చాలావాటికి ఆటోసేవ్ ఉంటుంది కాబట్టి ఇది కాస్త విడమరిచి చెప్పాలి. పాత ఆటలో ఎక్కడపడితే అక్కడ సేవ్ చేసుకోవడం కుదరదు. భవంతిలో అక్కడక్కడా టైపు మిషన్లుంటాయి. వాటికి ఇంక్ రిబ్బన్ కావాలి, సేవ్ చేసినప్పుడల్లా ఒకటి ఖర్చవుతుంది, రిబ్బన్లేమో లెక్కగానే దొరుకుతాయి. పైగా రిబ్బన్ మనం మోసే సామాన్లలో ఒక గడి ఆక్రమిస్తుంది. మనం ఎంచుకునే పాత్రలు ఇద్దరు: క్రిస్‌కి ఉన్నవి ఆరు గడులు, జిల్‌కి ఎనిమిది. తుపాకీకి ఒకటి, తూటాలకి ఒకటి, గాయాలు మాన్పే ఆకుపచ్చ మూలికకి ఒకటి, తాళంచెవికి ఒకటి. ఇంక మిగిలిందేముంది? ఏదైనా వదిలేసి వెళ్లాలంటే పెట్టె ఉన్న గదిదాకా నడిచి అందులో పడేసి రావాలి. ఆట మొత్తం ఈ బేరమే.

మేం దీన్ని ఆడింది 2000 ప్రాంతంలో, గంటస్తంభం దగ్గర సందులో ఒక గేమ్ షాపులో. గంటకింత అని అద్దె. వరసగా టీవీలు, ఒక్కోదాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనక నిలబడి సలహాలిచ్చే జనం. మిగతా టీవీల్లో కుస్తీ, టెక్కెన్, ఫుట్‌బాల్. మూల టీవీ మాది. షాపంతటికీ ఉన్నది ఒకటే మెమరీ కార్డు. ప్లేస్టేషన్ కార్డులో ఉండేవి 15 బ్లాకులే, ఊళ్లో అందరి ఆటలూ అందులోనే సర్దుకోవాలి. నిన్న మనం సేవ్ చేసింది ఇవాళ ఉంటుందని నమ్మకం లేదు. ఫుట్‌బాల్ లీగ్ ఆడేవాడెవడో మనది చెరిపేసి తనది పెట్టేసుకునేవాడు, అడిగితే "నాకు తెలీదు" అనేవాడు.

కరెంటు సంగతి సరేసరి. వేసవిలో కోత ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. టీవీలన్నీ ఒక్కసారే ఆరిపోతే షాపంతా "ఓ..." అని అరిచేది, మా మూల నుంచి మాత్రం తిట్లు వినపడేవి. కుస్తీవాళ్లకి పోయేది ఒక్క ఆట, మాకు సాయంత్రమంతా పోయేది. అందుకని టైపు మిషన్ కనపడితే చాలు, పంచాయితీ మొదలు. "సేవ్ సేసీరా, కరెంటు పోద్ది" అని ఒకడు. "ఉన్నవే రెండు రిబ్బన్లు, ఆగు, ఇంకో గది సూసొద్దాం" అని ఇంకొకడు. ఆట తయారుచేసినవాళ్లు మనసులో పెట్టుకున్న భయానికి మా ఊరి కరెంటు తనవంతు సాయం చేసిందనుకోండి.

ఇంకో ఇబ్బంది ఇంగ్లీషు. ఆటలో దొరికే కాగితాలు చదివితేగానీ కథ అర్థం కాదు. మాలో గడగడా చదవగలిగేవాడు ఒక్కడే, వాడు చదువుతూ మాకు తెలుగులో చెప్పేవాడు. ఒకరోజు కీపర్ డైరీ దొరికింది. అక్కడ జంతువుల్ని చూసుకునే మనిషి రాసుకున్నది, 1998 మే నెలతో మొదలవుతుంది. మొదటి పేజీలో పేకాట. ఒకడికి ముక్కలు మరీ బాగా పడ్డాయని, మోసం చేశాడేమోనని అనుమానం. ఇది వినగానే మావాళ్లకి ఆ మనిషి బాగా తెలిసినవాడైపోయాడు. తర్వాత, కొత్తగా వచ్చిన జంతువుకి బతికున్న పందిని వేస్తే అది తినేముందు దాంతో ఆడుకుందని రాస్తాడు. ఆ తర్వాత ఏదో ప్రమాదం జరిగిందని లేపి, ఒంటికి సూటు తొడగమంటారు. దురద మొదలవుతుంది. డాక్టరు దగ్గరికెళ్తే పెద్ద కట్టు కట్టి, ఇంక సూటు వేసుకోనక్కర్లేదంటాడు. పేజీ తిప్పేకొద్దీ వాక్యాలు కురచవుతాయి, చివరి పేజీకొచ్చేసరికి రెండే ముక్కలు. పక్క టీవీలో కుస్తీ ఆడేవాళ్లు కూడా ఆట ఆపేసి "తరవాతేటైందిరా?" అని అడిగారు. తరవాతేముంది, డైరీ అయిపోయింది. అదే గదిలో అలమరలోంచి ఒకడు బయటికొస్తాడు. డైరీ రాసింది వాడేనని ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీరు నవ్వుకున్న బొమ్మల దగ్గరికొద్దాం. ఈ ఆట 1996 మార్చిలో జపాన్‌లో 'బయోహజార్డ్' పేరుతో వచ్చింది. తీసింది క్యాప్‌కామ్, దర్శకుడు షింజి మికామి. ఆ భవంతిని అంత నగిషీగా అప్పటికప్పుడు గీయడం మొదటి ప్లేస్టేషన్ వల్ల కాదు. అందుకని గదుల్ని ముందే బొమ్మలుగా తయారుచేసి పెట్టారు, వాటి మీద మనుషులు మాత్రం త్రీడీలో కదులుతారు. బొమ్మ కదలదు కాబట్టి కెమెరా కూడా కదలదు. 1992లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన 'అలోన్ ఇన్ ది డార్క్' అప్పటికే ఈ పద్ధతి వాడింది. భవంతిలో చిక్కుకుపోవడం, మోయగలిగినంతే మోయడం లాంటివి క్యాప్‌కామ్ వాళ్లదే 1989 నాటి 'స్వీట్ హోమ్' నుంచి వచ్చాయి.

కెమెరా ఒకచోట పాతేసినట్టు ఉండటం వల్ల ఏం జరుగుతుందంటే, మలుపు అవతల ఏముందో మీ పాత్రకి కనిపిస్తుంటుంది, మీకు కనపడదు. కాళ్లీడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఎంత దూరంలో ఉందో తెలీదు. రెండడుగులు వేస్తే కెమెరా మారుతుంది, అది మీ పక్కనే ఉండొచ్చు, వరండా చివర ఉండొచ్చు. భోజనాల గదిలో మొదట్లో గడియారం టిక్కుటిక్కు తప్ప ఇంకేమీ వినపడదు. పక్క వరండాలో మొదటి జాంబీ, మన జట్టువాణ్నే తింటూ, మెల్లగా ఇటు తల తిప్పుతాడు. ఆ చిన్న వీడియో ఇప్పుడు చూసినా పాతబడలేదని నా అభిప్రాయం.

కంట్రోల్స్ గురించి అందరూ ఏడుస్తారు. పైకి నొక్కితే పాత్ర తన మొహం ఎటుంటే అటు నడుస్తుంది, తెరమీద మీకెటు కనిపిస్తున్నా సరే. మొదట గోడలకి గుద్దుకుంటారు. కానీ కెమెరా టక్కుమని మారిపోయే ఆటలో ఇదే సుఖం. కోణం ఎన్నిసార్లు మారినా మీ వేలు కదపనక్కర్లేదు, పరుగు అటే సాగుతుంది. కుక్కలు వెంటపడినప్పుడు దీని విలువ తెలుస్తుంది. తలుపుల సంగతీ అంతే. గది మారినప్పుడల్లా తలుపు మెల్లగా తెరుచుకునే దృశ్యం వస్తుంది, సీడీ లోడవుతున్న సమయాన్ని దాచడానికి పెట్టింది. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి ఆ సమయం అక్కర్లేదు, అయినా ఆ తలుపు చూస్తుంటే అవతల ఏముందోనని ఊపిరి బిగబడుతూనే ఉంటుంది.

ఇదంతా పాత జ్ఞాపకాల మత్తు అంటారేమోనని, పైడితల్లమ్మ పండక్కి వచ్చిన మా మేనల్లుడి చేత ఆడించాను. శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మీలాగే రీమేకులతో మొదలెట్టినవాడు. జిల్ జట్టులోని బారీ మాట్లాడే 'జిల్ శాండ్‌విచ్' డైలాగుని మీముల్లో చూశాడట, అది రాగానే పడీపడీ నవ్వాడు. జపాన్‌లో అమ్మిన డిస్కులో కూడా మాటలు ఇంగ్లీషులోనే ఉండేవి, కింద జపనీస్ అక్షరాలు వేసేవారు. ఆ నటన అలా ఏడవడానికి అదో కారణమేమో. సరే, వంకర వరండాలో కిటికీ బద్దలుకొట్టుకుని కుక్కలు దూకాయి. "మావయ్యా, క్విక్‌సేవ్ ఏ బటన్?" అన్నాడు. లేదన్నాను. ఆ తర్వాత కుర్రాడు నవ్వడం తగ్గించి తూటాలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఏ వరండాలో రోజూ తిరగాలో అక్కడివాళ్లని చంపి, ఒక్కసారే వెళ్లే చోట తప్పించుకుని పరుగెత్తాడు. ఇవన్నీ నేను చెప్పినవి కావు. రాత్రి భోజనానికి లేచినప్పుడు "ఇది హారర్ గేమ్ కాదు మావయ్యా, రేషన్ షాపు" అన్నాడు. ఇంతకంటే మంచి రివ్యూ నేను రాయలేను.

రీమేక్ సంగతి నిజాయితీగా చెప్పాలంటే, మికామే 2002లో నింటెండో గేమ్‌క్యూబ్‌కి మళ్లీ తీసిన వెర్షన్ ఆటగా దీనికంటే గొప్పది. చంపిన జాంబీని కిరోసిన్ పోసి తగలెట్టకపోతే క్రిమ్సన్ హెడ్‌గా లేచి పరుగెత్తుకొస్తుంది, ఒరిజినల్‌లో లేని లీసా ట్రెవర్ అనే అమ్మాయి కథ ఉంది. దాని హెచ్‌డీ రూపం 2015 నుంచి దొరుకుతోంది, అందులో ఈ కాలపు కంట్రోల్స్ కూడా ఉన్నాయి. ఒకటే కొనగలను అంటే అదే కొనమంటాను. కానీ మీరు అది ఆడేశారు. ఒరిజినల్‌లో మీకు కొత్తగా అనిపించేది వెలుతురు. రీమేక్‌లో చీకటి, ఉరుములు, కొవ్వొత్తులు. ఇందులో చాలా వరండాలు దీపాలు వెలుగుతూ శుభ్రంగా ఉంటాయి, ఆ వెలుగులో నేలమీద ఒకడు పడి ఉంటాడు. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇబ్బందిగా ఉంటుంది.

గాగ్ చేసిన పనేమిటంటే, 1997లో వచ్చిన పీసీ వెర్షన్‌ని తీసుకుని 2024 జూన్‌లో విండోస్ 10, 11 మీద నడిచేలా ఇచ్చారు. బొమ్మ చూపించే విధానం బాగుచేశారు, ఇప్పటి కంట్రోలర్లు పనిచేస్తాయి, ఆరు భాషలున్నాయి. ఆట జోలికి పోలేదు. డీఆర్‌ఎం (కాపీ చేయకుండా వేసే తాళం) లేదు కాబట్టి ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో దాచుకుంటే నెట్ లేకపోయినా ఎక్కించుకోవచ్చు. పాత ఆటలకి చేయాల్సింది ఇంతే అనిపిస్తుంది. ఇంకో పాత హారర్ సిరీస్‌ని మళ్లీ అమ్మడానికి 2012లో తెచ్చిన సైలెంట్ హిల్ హెచ్‌డీ కలెక్షన్‌కి చివరి కోడ్ దొరక్క, ఉన్నదాంతో అతుకులేశారు. పొగమంచు పల్చబడిపోయి ఊరి అంచులు బయటపడ్డాయి. మరీ అంతదూరం పోనక్కర్లేదు, ఈ రెసిడెంట్ ఈవిల్‌కే 1998లో డ్యూయల్ షాక్ వెర్షన్ అని ఒకటొచ్చింది. దానికి సంగీతం మార్చారు, అందులో బేస్‌మెంట్ పాట వినండి ఓసారి. నవ్వు ఆగదు. ఆ సంగీతం ఎవరి పేరుతో వచ్చిందో ఆయన వేరొకరి చేత రాయించుకునేవాడని 2014లో బయటపడింది, అది వేరే హారర్.

కొన్నాక ముందు జిల్‌తో ఆడండి. గడులు ఎక్కువ, బారీ సాయం ఉంటుంది, చిన్న తాళాలకి చెవులు వెతుక్కోనక్కర్లేదు. తెర నిండా సాగదీయకండి. వెనక బొమ్మలు 320 బై 240 సైజువి, పక్కల నల్లగా ఉన్నా పర్లేదు, పాత టీవీల 4:3 ఆకారంలోనే ఉంచండి. మా షాపులో ఒనిడా టీవీ గాజు అంతా మెత్తగా కలిపేసేది కాబట్టి అప్పుడు తెలీలేదుగానీ, ఇప్పటి తెర మీద మనుషులు పదునుగా, గోడలు మసకగా కనిపిస్తాయి. కాసేపటికి అలవాటైపోతుంది. ఎక్కడన్నా ఇరుక్కుంటే పజిల్‌కి యూట్యూబ్ చూసుకోండి, కానీ ఏ గదిలో ఏముందో ముందే చూసేయకండి. మూడు గంటల్లోపు ముగిస్తే రాకెట్ లాంచర్ ఇస్తారు, అది రెండోసారికి పెట్టుకోండి.

రెండో భాగం, మూడో భాగం కూడా అదే ఏడాది గాగ్‌కి వచ్చాయి. మూడూ కలిపి ఇప్పుడే తీసుకోకండి. భవంతి బయటున్న గార్డ్‌హౌస్ ముగించి తిరిగొచ్చాక హంటర్లనే రాక్షసులు ఎదురవుతాయి, అప్పటిదాకా దాచిన తూటాలు అక్కడ చాలవు. మా షాపులో చాలామంది అక్కడే మానేసి టెక్కెన్‌కి పోయారు. మీరు అది దాటితే రెండోది కొనండి.