రెండో తాళంచెవి ఎవరి దగ్గరుంది?

చిరంజీవికి,

నీ కథ ‘వాల్ట్’ చదివాను. నాయనమ్మ కొంగుకు ముడేసుకున్న లాకరు తాళంచెవి, చీర ఉతికినప్పుడల్లా బండమీద టంగుమని మోగడం బాగుంది. ఆ వాక్యాన్ని ముట్టుకోకు. ఈ ఉత్తరం మిగతా కథ గురించి.

నాయనమ్మ పోయాక మనవడు ఆ తాళంచెవి జేబులో వేసుకుని బ్యాంకుకు వెళ్తాడు. మేనేజరు జాలిపడి, తన దగ్గరున్న ‘డూప్లికేటు’తో లాకరు తీసి, “మీ నాయనమ్మ 40 కాసులు దాచింది బాబూ” అంటాడు. ఒక్క పేరాలో మూడు అబద్ధాలు! కథలో అబద్ధం ఉండొచ్చు. కానీ అది పాత్ర ఆడాలి, నువ్వు ఆడకూడదు.

లాకరు తలుపు తీయడానికి రెండు తాళంచెవులు పనిచేయాలి. ఒకటి బ్యాంకు మాస్టర్ కీ, రెండోది ఖాతాదారు తాళంచెవి. కస్టోడియన్, అంటే లాకర్లు చూసుకునే బ్యాంకు ఉద్యోగి, మొదట రిజిస్టరులో సంతకం పెట్టించుకుని, దాన్ని నమూనా సంతకంతో పోల్చి, లోపలికి వచ్చిన టైము రాస్తాడు. స్ట్రాంగ్ రూములోకి వెంటవచ్చి మాస్టర్ కీ తిప్పి బయటికి వెళ్లిపోతాడు. తర్వాత ఖాతాదారు తన తాళం తిప్పితేనే తలుపు వస్తుంది. మూసేటప్పుడు మాత్రం ఖాతాదారు తాళం ఒక్కటే చాలు. ఆ తాళంచెవికి బ్యాంకు దగ్గర నకలు ఉండదు. పోగొట్టుకుంటే లాకరు కంపెనీ మనిషి వచ్చి డ్రిల్లింగు చేయాలి, తాళం మార్చాలి, ఖర్చు ఖాతాదారుదే. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. మరి మీ మేనేజరుకు 40 కాసుల లెక్క ఎవరు చెప్పారు?

ఇక మనిషి పోయాక సంగతి. తాళంచెవి చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు రాదు. లాకరు ఇద్దరి పేర, ‘ఎవరైనా ఒకరు లేదా మిగిలినవారు’ అన్న షరతుతో ఉంటే, మిగిలినవారు తెరుచుకోవచ్చు. నామినీ ఉంటే మరణ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు తెచ్చి దరఖాస్తు పెట్టాలి. బ్యాంకువాళ్లు ఇద్దరు బయటి సాక్షుల ఎదుట లాకరు తీయించి, ఒక్కొక్క వస్తువూ జాబితా రాసి సంతకాలు తీసుకుని అప్పగిస్తారు. కావలసిన పత్రాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిము పరిశీలించి, జాబితా రాయడానికి తేదీ కోసం కబురు చేయాలని రిజర్వు బ్యాంకు నిబంధన. నామినీకి దక్కేది అప్పగింతే, వారసుల వాటా వారసులదే. నామినీ లేకపోతే వారసులందరి సంతకాలూ కావాలి. తగాదా ఉంటే కోర్టుకు వెళ్లాలి.

ఇప్పుడు చూడు, కథ ఎక్కడుందో! నామినీగా నాయనమ్మ ఎవరి పేరు రాసింది? జీవితమంతా పోట్లాడిన కోడలి పేరా? తాళంచెవి మనవడి దగ్గర, పేరు కోడలిది, వాటా ముగ్గురు కొడుకులది. సాక్షుల ముందు జాబితా రాస్తుంటే ‘ఒక జత దుద్దులు, ఒక రాయి లేదు’ అని గుమాస్తా గట్టిగా చదువుతాడు. ఆ రాయి ఎక్కడ పోయిందో ఒక్క కోడలికే తెలుసు. నువ్వు ఇదంతా దాటేసి మేనేజరు జాలితో పని కానిచ్చావు. తతంగాన్ని కోసేస్తే కథ ‘వేగంగా’ నడుస్తుందని మీకెవరో నూరిపోశారు. వారపత్రికల్లో కూర్చుని 1200 పదాలు దాటితే కత్తెర పట్టుకునే సంపాదకులు, చివర్లో ‘మలుపు’ లేకపోతే తిప్పిపంపే పోటీల న్యాయనిర్ణేతలు రెండు తరాలుగా చేసిన అన్యాయం ఇది. వాళ్లు మొదట కోసేది దరఖాస్తు ఫారాన్నే. మనుషుల అసలు రంగు బయటపడేది ఆ ఫారం దగ్గరే.

నీకు పనికొచ్చేవి ఇంకొన్ని చెప్తాను. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 18న సవరించిన నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సాయంత్రం లాకర్లన్నీ సరిగా మూసి ఉన్నాయో లేదో కస్టోడియన్ చూడాలి. ఏదైనా తెరిచి ఉంటే వెంటనే మూసి, ఖాతాదారుకు కబురు చేయాలి. లాకరు తెరిచిన రోజే ఖాతాదారుకు ఎస్సెమ్మెస్, ఈమెయిలు వెళ్లాలి. అంటే మంచంపట్టిన నాయనమ్మ ఫోనుకు ‘మీ లాకరు తెరవబడినది’ అని సందేశం వస్తే ఏమవుతుంది? సీసీ కెమెరా దృశ్యాలు కనీసం 180 రోజులు ఉంచాలి. నీ ఇన్‌స్పెక్టరు దొంగతనం కేసు నాలుగో నెలలోనే ‘రికార్డింగు చెరిగిపోయింది’ అని చేతులెత్తేశాడు, దిద్దుకో. దొంగతనం జరిగినా, కాలిపోయినా, సిబ్బందే మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు. అద్దె 2000 అయితే 2 లక్షలు. మీ 40 కాసులంటే 320 గ్రాములు, ఆ నష్టంలో 2 లక్షలు ఏ మూలకు? అద్దె సక్రమంగా కడుతున్నా ఏడేళ్లు ఎవరూ తెరవక, మనిషి ఆచూకీ దొరకకపోతే బ్యాంకు లాకరు పగలగొట్టించవచ్చు.

లాకరులో నోట్ల కట్టలు పెట్టించావు. కొత్త ఒప్పందాల్లో నగదు పెట్టకూడదని రాస్తున్నారు. పెట్టినా చెదలు ఊరుకోవు: 2023లో ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్‌లో ఒకావిడ కూతురి పెళ్లికని లాకరులో దాచిన 18 లక్షలు చెద తిని పొడి అయ్యాయి. నీ కథలో నాయనమ్మ రాసిన ఉత్తరం మాత్రం ఇరవై ఏళ్లకు మల్లెపూవులా బయటికొచ్చింది!

ఇక నీ కథలో బ్యాంకు దొంగ సంగతి. ఐదు కోట్లు భుజానికి తగిలించుకుని గోడ దూకాడు. 500 నోట్లలో ఐదు కోట్లంటే లక్ష నోట్లు. వంద నోట్లు ఒక ప్యాకెట్టు, పది ప్యాకెట్లు ఒక బండిల్, అంటే వంద బండిళ్లు. నోటు గ్రాము పైచిలుకు తూగుతుంది, కాబట్టి సంచి వంద కిలోలు దాటుతుంది. ఎత్తి చూడు. నగదు సేఫు తీయడానికి మేనేజరు ఒక్కడూ చాలడు. రెండు తాళాలు ఇద్దరు అధికారుల దగ్గర ఉంటాయి, ఇద్దరూ కలిస్తేనే తలుపు. ‘మేనేజరును కట్టేసి తెరిపించాడు’ అంటే రెండోవాడు ఎక్కడున్నాడో చెప్పాలి.

‘వాల్ట్’ అంటే బ్యాంకు స్ట్రాంగ్ రూమూ, నేలమాళిగా, కమాను కప్పూ, గడతో దూకడమూ కూడా. పేరు ఒకటే కదా అని మూడు నాలుగు వాల్ట్‌లు ఒక కథలో కుక్కావు. అనంతపద్మనాభస్వామి గుడి నేలమాళిగ, మంత్రంతోనే వీడుతుందనే నాగబంధం దేనికి? సుప్రీంకోర్టు ఆదేశంతో 2011లో అక్కడి గదుల్లో సొత్తు లెక్క మొదలైంది, ‘బి’ గదిని మాత్రం తెరవలేదు. అంతకన్నా నీకు పనికొచ్చేది పూరీ జగన్నాథుడి గుడి. అక్కడి ఖజానా అయిన రత్నభాండారం లోపలి గది తాళంచెవులు కనపడలేదని 2018లో బయటపడింది. 2024 జులై 14న దగ్గరున్న నకలు తాళంచెవులు పట్టకపోతే మేజిస్ట్రేటు ఎదుట మూడు తాళాలూ కోశారు. మంత్రం కాదు, మేజిస్ట్రేటు! గోల్కొండ కమాను గదిలో స్తంభం లాగితే కప్పు కూలిందన్నావు. అలాంటి కమాను కప్పుకు నడుమ స్తంభం అక్కర్లేదు, బరువంతా పక్కగోడల మీదికి తోస్తుంది. కూల్చాలంటే ఆ గోడ కదలాలి. మనవడు పోల్‌వాల్ట్ ఆటగాడై వెదురుగడతో కాంపౌండు దూకడం తీసెయ్. గడ మనిషి బరువుకు తగ్గది కావాలి, బిరుసైతే వంగక వెనక్కి తోసేస్తుంది. గడ కొస ఆనడానికి నేలలో 20 సెంటీమీటర్ల లోతు పెట్టె కావాలి. సిమెంటు రోడ్డు మీద జారి పడతాడు.

కలంపేరు గురించీ, పుస్తకం వేయడం గురించీ అడిగావు. ముందు ఇది తిరగరాయి. దొంగను, గుడిని, కోటను, గడను తీసేసి తాళంచెవి, నామినీ ఫారం, సాక్షులు ఉంచు. మీ ఊరి బ్యాంకులో లాకరు దరఖాస్తు ఒకటి అడిగి తెచ్చుకుని, నాయనమ్మ చేతిరాతతో నింపు.

ఇంకొకటి. మీ మనవడు బ్యాంకుకు వెళ్లింది రెండో శనివారం. 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. సోమవారం పంపించు.

ఆశీస్సులతో...